మెయిన్‌కి ముందు

సీ భాష నేర్పే ఏ పుస్తకం తెరిచినా మొదటి పది పేజీల్లో ఒక మాట కనిపిస్తుంది: ప్రోగ్రాం మెయిన్ అనే ఫంక్షన్ దగ్గర మొదలవుతుంది. అమీర్‌పేట డెమో క్లాసులో చెప్పేదీ అదే, ఇంజనీరింగ్ మొదటేడు వైవాలో అడిగేదీ అదే. నేనూ అలాగే చెప్పి మార్కులు తెచ్చుకున్నాను. ఆ మాట నిజం కాదు. అలాగని మోసం చెయ్యడానికి చెప్పిన అబద్ధమూ కాదు. చెల్లాయి ఎక్కణ్ణించి వచ్చిందని అడిగే పిల్లాడికి ఆసుపత్రి నుంచి తెచ్చామని చెబుతామే, ఆ బాపతు. చిత్రం ఏమిటంటే, ప్రోగ్రాములు రాస్తూ పదేళ్ళు గడిపినవాళ్ళలో కూడా చాలామంది ఆ ఆసుపత్రి దగ్గరే ఆగిపోతారు. అంతకంటే వెనక్కి వెళ్ళే అవసరం పడదు మరి.

మీరు ఒక ప్రోగ్రాం పేరు టైపు చేసి ఎంటర్ కొట్టారనుకోండి. లినక్స్‌లో అయితే ముందు కెర్నల్ కదులుతుంది. ఫైలు తెరిచి, ఏ ముక్క మెమరీలో ఎక్కడ ఉండాలో చూసి సర్దుతుంది. పుట్టబోయే ప్రాసెస్‌కి ఒక స్టాక్ ఏర్పాటు చేసి దాని మీద కొంత సామాను పెడుతుంది: మీరు టైపు చేసిన మాటలు, మీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, వాటితోబాటు 16 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి. (ఆ 16 బైట్లని చూసినప్పుడల్లా తలరాత అనే మాట గుర్తొస్తుంది నాకు. కానీ దాంతో చేసే ముఖ్యమైన పని, స్టాక్‌ని ఎవరైనా పాడుచేస్తే కనిపెట్టడానికి ఒక కాపలా విలువ తయారుచెయ్యడం. కాబట్టి తలరాత కంటే దిష్టిచుక్క అనడమే న్యాయం.) కెర్నల్ తర్వాత డైనమిక్ లోడర్ వస్తుంది. ఈ ప్రోగ్రాంకి ఏయే లైబ్రరీలు కావాలో జాబితా చదువుతుంది, వెతికి తెస్తుంది, ఆ లైబ్రరీలకి మళ్ళీ ఏవి కావాలో చూసి వాటినీ తెస్తుంది, ఎవరు పిలిచే ఫంక్షన్ ఎక్కడుందో చూసి చిరునామాలు కలుపుతుంది. ఆ పైన ఒక్కో లైబ్రరీ "నన్ను ముందే నడపండి" అని రాసిపెట్టుకున్న ఫంక్షన్లు వరసగా నడుస్తాయి. ఆ తర్వాత మన ప్రోగ్రాంలోనే అలాంటివి ఉంటే అవి. ఈ తతంగం అంతా అయ్యాక అప్పుడు మెయిన్‌ని పిలుస్తారు.

పిలుస్తారు అన్నాను, గమనించండి. మెయిన్ కూడా ఎవరో పిలిస్తే వచ్చేదే. మనం దాన్ని ఇంటి యజమాని అనుకుంటాం గానీ, అది వచ్చేసరికే ఇల్లు కట్టి, సున్నం వేసి, దీపం పెట్టి ఉంటుంది. అలా ముందు నడిచే ఫంక్షన్ రాయడం పెద్ద విద్యేం కాదు. జీసీసీ కంపైలర్‌లో ఒక ఫంక్షన్ మీద కన్‌స్ట్రక్టర్ అని ముద్ర వేస్తే చాలు, అది మెయిన్ కంటే ముందు నడుస్తుంది. అలాంటివి నాలుగుంటే ఏది ముందో చెప్పడానికి నంబరు కూడా ఇవ్వచ్చు. చిన్న నంబరుది మొదటి వంతు. 100 దాకా నంబర్లు కంపైలర్ వాళ్ళ సొంతానికి, మామూలు జనానికి 101 నుంచి. తిరుమల క్యూలో నిలబడ్డవాళ్ళకి ఈ పద్ధతి విడిగా వివరించక్కర్లేదు.

మెయిన్ రాసిన మనిషి ఈ ఫంక్షన్ని పిలవడు. దాని పేరు కూడా అతనికి తెలియకపోవచ్చు. లైబ్రరీ ప్రోగ్రాంకి తగిలించి ఉంటే చాలు, అది నడిచి తీరుతుంది. ఏ హక్కులతో నడుస్తుంది? ప్రోగ్రాంకి ఉన్న హక్కులన్నిటితో. ప్రోగ్రాం ఏ ఫైళ్ళు తెరవగలదో అదీ తెరవగలదు, ప్రోగ్రాం ఎవరితో మాట్లాడగలదో అదీ మాట్లాడగలదు. రేపు ఏదైనా జరిగితే లాగ్‌లో కనిపించేది ప్రోగ్రాం పేరే. నన్ను చాలాకాలంగా గుచ్చుతున్న ప్రశ్న ఇక్కడిదే. నా పేరు మీద, నా హక్కులతో, నేను మొదలవకముందే జరిగిపోయిన పనికి నేను జవాబు చెప్పాలా?

ఇది కాలక్షేపం ప్రశ్న కాదని నాకు తెలిసొచ్చింది ఒక ఆఫీసులో. అప్పట్లో మా దగ్గర సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఒక సర్వర్ ఉండేది. ఆ భాషలో ఫంక్షన్ల బయట, గ్లోబల్‌గా ఒక వస్తువుని ప్రకటిస్తే దాని కన్‌స్ట్రక్టర్ మామూలుగా మెయిన్‌కి ముందే నడుస్తుంది. ఒకే ఫైల్లో ఉన్నవి రాసిన వరసలో నడుస్తాయి. రెండు వేరే ఫైళ్ళలో ఉంటే ఏది ముందో భాష హామీ ఇవ్వదు. మా దగ్గర ఒక ఫైల్లో లాగర్ ఉంది, ఇంకో ఫైల్లో సెట్టింగులు చదివే వస్తువు ఉంది. రెండోది పుడుతూనే మొదటిదానితో మాట్లాడుతుంది. ఏళ్ళ తరబడి లాగరే ముందు పుడుతూ వచ్చింది, ఎవరూ ఏర్పాటు చెయ్యకుండానే. ఒకరోజు కొత్తగా చేరిన అమ్మాయి ఒక కొత్త ఫైలు కలిపింది. లింకర్ వరస మారింది. సర్వర్ లేవడం మానేసింది. లాగ్‌లో ఒక్క ముక్క లేదు, ఎందుకంటే లాగ్ రాయాల్సినవాడే ఇంకా పుట్టలేదు. మెయిన్ మొదటి లైన్లో బ్రేక్‌పాయింట్ పెట్టి కూచుంటే డీబగ్గర్ అక్కడిదాకా రాలేదు.

సీ ప్లస్ ప్లస్ వాళ్ళు ఈ జబ్బుకి పెట్టుకున్న పేరు "స్టాటిక్ ఇనిషియలైజేషన్ ఆర్డర్ ఫియాస్కో". ఫియాస్కో అంటే రసాభాస. భాష వాడేవాళ్ళే తమ భాషలో ఒక భాగానికి రసాభాస అని పేరు పెట్టుకోవడం నాకు ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ రోజు మా గదిలో ముచ్చటేం లేదు. లాగర్ ఫైలు విడిగా చూస్తే తప్పు లేదు. సెట్టింగుల ఫైలు విడిగా చూస్తే తప్పు లేదు. ఆ అమ్మాయి కలిపిన ఫైల్లో అసలే లేదు. అయినా సాయంత్రానికి అందరి చూపులూ ఆ అమ్మాయి వైపే తిరిగాయి, ఎందుకంటే కనిపించే మార్పు ఆమెది. "నిన్నటిదాకా బాగానే ఉంది కదా" అన్నారెవరో. నిన్నటిదాకా బాగున్నది అదృష్టం వల్ల అని నిరూపించడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆమె భోజనానికి ఒక్కతే వెళ్ళడం చూశాను.

ముందు జరిగే పనుల్లో ఒక ప్రత్యేకమైన అన్యాయం ఉంది. అక్కడ జరిగిన పొరపాటు అక్కడ బయటపడదు, తర్వాత వచ్చినవాళ్ళ చేతిలో పేలుతుంది. ఇంకా చిత్రం, తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని పట్టుకోనూ లేరు. సీ ప్లస్ ప్లస్‌లో మెయిన్ మొత్తాన్ని ట్రై-క్యాచ్ చుట్టలో పెట్టినా సరే, గ్లోబల్ వస్తువు పుడుతూ విసిరిన ఎక్సెప్షన్ అందులో పడదు. ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది.

అలాగని ముందస్తు పనినంతా అనుమానించడం నా ఉద్దేశం కాదు. భరతుడి నాట్యశాస్త్రం ఐదో అధ్యాయం అంతా పూర్వరంగం గురించే. నాటకం మొదలయ్యే ముందు జరగాల్సినవాటిలో మొదటి తొమ్మిది అంగాలు తెర వెనకే జరుగుతాయి: వాద్యాలు అమర్చడం, పాడేవాళ్ళు కూచోవడం, శ్రుతులు చూసుకోవడం లాంటివి. ఆ తర్వాతే తెర తీసి, నాందితో సహా మిగతా తంతు. తెర వెనక తొమ్మిది పనులు జరిగాయని ఏ ప్రేక్షకుడూ మోసపోయానని అనుకోడు. తంబుర శ్రుతి బయటికి వినిపిస్తూనే ఉంటుంది, లోపలివాళ్ళందరూ ఈ నాటకం కోసమే ఉన్నారని తెలుసు. లోడర్ చేసే పనిలో ముప్పాతిక ఇలాంటిదే. ఎవరో ఒకరు పొయ్యి వెలిగించాలి. చిక్కు ఎక్కడంటే, తెర వెనక ఉన్నవాడు ఆ నాటకం మనిషో కాదో బయట కూచున్నవాళ్ళకి తెలిసే దారి లేదు.

2024 మార్చిలో జరిగింది అదే. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అని ఫైళ్ళని కుదించే ఒక లైబ్రరీ ఉంది. లినక్స్ వాడే దాదాపు ప్రతి మెషీన్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ళుగా చూసుకుంటున్నది లాస్సె కొల్లిన్ అనే ఒకే ఒక్క మనిషి. జీతం లేని పని, తీరిక దొరికినప్పుడు చేసే పని అని ఆయనే చెప్పుకున్నాడు. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు చిన్న చిన్న ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. బుద్ధిగా, ఓపికగా, రెండేళ్ళకి పైగా. మధ్యలో వేరే పేర్లతో కొందరు వచ్చి, పనులు నెమ్మదిగా జరుగుతున్నాయి, ఇంకొకరికి అప్పగించవచ్చు కదా అని కొల్లిన్ మీద ఒత్తిడి తెచ్చారు. మెల్లగా తాళాలు చేతులు మారాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0, మార్చిలో వచ్చిన 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు ఉంది. సోర్సు చదివితే కనపడదు. పరీక్షల కోసం పెట్టిన బైనరీ ఫైళ్ళలో దాచి, బిల్డ్ చేసే సమయంలో బయటికి తీసి కలిపేలా ఏర్పాటు చేశారు.

గురి పెట్టింది ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మీద. ఎక్కడో ఉన్న కంప్యూటర్లోకి మనం లాగిన్ అయ్యే తలుపు అది. దాన్ని రాసిన ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ళకి ఈ కుదింపు లైబ్రరీతో ఏ సంబంధమూ లేదు. వాళ్ళ కోడ్‌లో దాని పేరే లేదు. డెబియన్, ఫెడోరా లాంటి పంపిణీదారులు తమ అవసరానికి సర్వర్‌కి సిస్టమ్‌డీ లైబ్రరీ తగిలించారు. సిస్టమ్‌డీ లైబ్రరీకి ఎక్స్‌జెడ్ లైబ్రరీ కావాలి. చుట్టానికి చుట్టం. అంతే, ఆ చుట్టరికం చాలింది.

ఇక అది నడిచింది ఎప్పుడు? జీ-లిబ్‌సీలో ఐ-ఫంక్ అనే సదుపాయం ఉంది. ఒకే పనికి నాలుగు రకాల ఫంక్షన్లు రాసిపెట్టుకుని, ఈ మెషీన్‌లో ఉన్న ప్రాసెసర్‌కి ఏది బాగా సరిపోతుందో చిరునామాలు కలిపేటప్పుడే ఎంచుకోవచ్చు. ఆ ఎంపిక చేసే చిన్న ఫంక్షన్ మిగతా ముందస్తు ఫంక్షన్ల కంటే కూడా ముందు, లోడర్ ఇంకా పని ముగించకముందే నడుస్తుంది. మంచి ఉద్దేశంతో పెట్టిన సదుపాయం. దొంగకోడ్ సరిగ్గా అక్కడ కూచుంది. లోడర్‌లోనే ఒక కొక్కెం తగిలించి, లాగిన్‌లో సంతకం సరిచూడటానికి వాడే ఫంక్షన్ చిరునామా కలిపే వంతు వచ్చినప్పుడు దాని స్థానంలో తన చిరునామా పెట్టింది. సర్వర్ మెయిన్ మొదటి లైను నడిచేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత మెయిన్ తన పని తాను చిత్తశుద్ధితో చేసుకుపోయింది. వచ్చిన ప్రతివాడి సంతకం చూడమంది. చూసేవాడు మారిపోయాడని దానికి తెలియదు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్. భద్రతా నిపుణుడు కాదు. డెబియన్ అభివృద్ధి వెర్షన్ మీద ఏదో వేగం కొలుచుకుంటుంటే, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు అర సెకను ఆలస్యం అవుతున్నాయని గమనించాడు. అంతకు కొన్ని వారాల ముందు వాల్‌గ్రైండ్ అనే పరికరం అర్థంకాని ఫిర్యాదు ఒకటి చేసిన సంగతి గుర్తొచ్చింది. రెండూ కలిపి తవ్వుకుంటూ వెళ్ళి మార్చి 29న లోకానికి చెప్పాడు. పంపిణీల స్థిరమైన వెర్షన్లలోకి అది ఇంకా చేరలేదు కాబట్టి గండం గడిచింది. అర సెకను! మన ఆఫీసుల్లో అర సెకను ఆలస్యానికి "నెట్ స్లోగా ఉంది" అని టీకి వెళ్ళిపోతాం.

దొంగ ఎవరో ఇప్పటికీ తెలియదు. దొంగది తప్పు, అందులో వాదన లేదు. నన్ను ఆపేది మిగతావాళ్ళు. ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు. పంపిణీలో ప్యాకేజీ కట్టినవాళ్ళు మామూలుగా చేసేదే చేశారు. కొల్లిన్ నమ్మదగ్గ సహాయకుణ్ణి నమ్మాడు. ఐ-ఫంక్ కనిపెట్టినవాళ్ళు వేగం కోరుకున్నారు. అయినా తలుపు తెరిచింది ఎస్‌ఎస్‌హెచ్ సర్వరే, దాని ప్రాసెస్‌లోనే, దాని హక్కులతోనే.

గాలెన్ స్ట్రాసన్ అనే తత్వవేత్త 1994లో ఒక వాదన రాశాడు, చూడ్డానికి చాలా సులువుగా ఉంటుంది. నువ్వు చేసే పని నువ్వు ఎలాంటివాడివో దాన్నిబట్టి వస్తుంది. ఆ పనికి నువ్వు అసలైన అర్థంలో బాధ్యుడివి కావాలంటే, నువ్వు అలాంటివాడివి కావడానికి కూడా నువ్వే బాధ్యుడివై ఉండాలి. దానికి ఇంకా ముందున్న నువ్వు బాధ్యుడివి కావాలి. అలా వెనక్కి వెళ్తూ ఉంటే ఎక్కడో ఒకచోట నువ్వు లేవు. కాబట్టి ఎవరూ దేనికీ పూర్తిగా బాధ్యులు కారు. ఇది చదివినప్పుడు నాకు లోడరే కళ్ళముందు కనిపించింది. మెయిన్ చేసేదంతా తనకి అందిన స్థితిని బట్టే. ఆ స్థితి తను చేసింది కాదు. కర్మ సిద్ధాంతం ఈ చిక్కుని పూర్వజన్మతో విప్పాలని చూసింది: ముందు నడిచిందీ నీ కోడే, అప్పుడు మెయిన్ నువ్వే, అంది. మరి అంతకు ముందు అంటే, అనాది అంది. అది జవాబా, ప్రశ్నని వాయిదా వెయ్యడమా అన్నది వేరే వ్యాసం.

స్ట్రాసన్ వాదనలో నాకు లోపం కనపడదు. కానీ దాన్ని పట్టుకుని ఒక్కరోజు కూడా బతకలేం. ఆ రోజు మా గదిలో ఎవరైనా లేచి "ఎవరూ దేనికీ బాధ్యులు కారు" అని ఉంటే ఆ అమ్మాయికి ఊరట దొరికేదేమో గానీ, సర్వర్ లేచేది కాదు. నాకు ఇక్కడ అక్కరకొచ్చింది బెర్నార్డ్ విలియమ్స్ చెప్పిన లారీ డ్రైవర్. అతని తప్పేమీ లేకుండానే ఒక పిల్లవాడు లారీ కిందపడి చనిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "నీ తప్పు లేదయ్యా" అని ఓదారుస్తారు, ఓదార్చాలి కూడా. కానీ ఆ డ్రైవర్ తనంతట తానే తాపీగా "అవును, నా తప్పు లేదు" అని బీడీ వెలిగించుకుంటే మనకి ఒళ్ళు జలదరిస్తుంది. తప్పు లేకపోవడం ఒకటి, ఆ జరిగినదానితో నాకు సంబంధం లేదనడం మరొకటి. (బీడీ విలియమ్స్‌ది కాదు, నేను కలిపింది.)

తెలుగులో మనకి తప్పు అనే మాట ఉంది, పూచీ అనే మాట వేరే ఉంది. అప్పు తీసుకున్నది ఒకడు, పూచీ పడ్డది ఇంకొకడు. అప్పు చేసిన నేరం పూచీదారుకి అంటదు, కానీ తలుపు తట్టినప్పుడు తియ్యాల్సింది అతనే. మెయిన్ స్థితి నాకు అలా కనిపిస్తుంది. ఒక్క తేడా: పూచీదారు సంతకం పెట్టాడు, మెయిన్ పెట్టలేదు. ఆ తేడా చిన్నది కాదని ఒప్పుకుంటాను. సంతకం లేని పూచీ మీద ఎవరినైనా నిలదియ్యడం దౌర్జన్యం. అయితే నడుస్తున్న ప్రోగ్రాం మాత్రం ఇప్పుడు మెయిన్ చేతిలోనే ఉంది, మిగతావాళ్ళు తమ పని చేసి వెళ్ళిపోయారు. చిరునామాలు సరిగా ఉన్నాయా అని వెనక్కి తిరిగి చూడగలిగిన స్థానంలో ఉన్నది అదొక్కటే.

ఇంతదాకా ప్రోగ్రాముల గురించే మాట్లాడుతున్నట్టు నటించాను. నిజానికి నన్ను ఈ వ్యాసానికి కూచోబెట్టింది సున్నా.

సీ భాషలో గ్లోబల్ వేరియబుల్‌కి విలువ ఇవ్వకపోతే అది సున్నా అవుతుంది. పరీక్షల్లో అడుగుతారు. ఎలా సున్నా అవుతుందని మాత్రం అడగరు. మెమరీ దానంతటది సున్నాగా ఉండదు. పెద్ద మెషీన్లలో కెర్నల్ తుడిచిన పేజీలు ఇస్తుంది. వాషింగ్ మెషీన్‌లో ఉండే చిన్న మైక్రోకంట్రోలర్‌లో అయితే, స్టార్టప్ కోడ్ అని ఒకటి ఉంటుంది, అది మెయిన్‌కి ముందు ఒక్కో చోటికీ వెళ్ళి సున్నా రాస్తుంది. అంటే సున్నా కూడా ఎవరో రాసి పెట్టినదే. అదే భాషలో ఫంక్షన్ లోపల వేరియబుల్‌కి విలువ ఇవ్వకపోతే దానికి ఈ మర్యాద లేదు. అంతకుముందు ఆ చోట ఎవరో వదిలేసి పోయిన చెత్తతోనే అది మొదలవ్వచ్చు.

"నేను జీరో నుంచి వచ్చాను." హైదరాబాద్‌లో ఏ స్టార్టప్ మీటింగ్‌కి వెళ్ళినా, ఏ పెళ్ళిలో కూచున్నా ఈ మాట వినపడుతుంది. మా ఇంట్లోనూ వినపడుతుంది. మా తాతకి కాలవ కింద నాలుగెకరాలు ఉండేది. అందులో ఎకరం అమ్మితే నా ఇంజనీరింగ్ అయింది. ఆ పొలంలో ముప్పయ్యేళ్ళు పనిచేసిన పాలేరు ఒకాయన ఉండేవాడు, మా నాన్న ఇప్పటికీ ఆయన్ని ఏకవచనంలోనే తలుచుకుంటాడు. ఆయన కొడుకుది నా వయసే. ఏడో తరగతిలో బడి మానేశాడు. ఆ అబ్బాయి మొదలుపెట్టింది సున్నా నుంచి కాదు, అంతకుముందువాళ్ళు తీర్చలేక వదిలేసిన బాకీల నుంచి. సున్నా దొరికింది నాకు. నా దగ్గరికి వచ్చేసరికి తుడిచి, శుభ్రం చేసి పెట్టి ఉంది. నేను రాత్రులు చదివింది నిజం, ఆ ర్యాంకు నాదే. మెయిన్ మొదటి లైను నుంచి లెక్కపెడితే నా కథలో ఒక్క అబద్ధం లేదు. "రిజర్వేషన్ లేకుండా, ఎవరి సాయం లేకుండా" అని మా బంధువులు నా గురించి చెప్పేటప్పుడు వాళ్ళూ అబద్ధం చెప్పడం లేదు, లెక్క ఎక్కణ్ణించి మొదలుపెట్టారన్నదే తేడా.

నేను ఆ పాలేరు బాకీలకి కారణం కాను. అప్పటికి నేను లేను. నేరం ఒప్పుకునే సభలు పెట్టి చెంపలేసుకునే ధోరణి నాకు నచ్చదు. అందులో మళ్ళీ కథానాయకుడు చెంపలేసుకునేవాడే అవుతాడు. నాకు కావలసింది అంతకంటే చిన్నది, పొడిపొడిది. లోడర్ ఏమేం తెచ్చిందో చూసుకోవడం. లినక్స్‌లో దానికొక స్విచ్ ఉంది. దాన్ని వేసి ప్రోగ్రాం నడిపితే, ఏ లైబ్రరీ ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరి ముందస్తు ఫంక్షన్ ఎప్పుడు నడిచింది, అంతా తెర మీద పారుతుంది. మొదటిసారి చూసినప్పుడు అంతమందా అని ఆశ్చర్యపోయాను. హలో అని ఒక్క మాట రాసే ప్రోగ్రాంకి కూడా తెర నిండిపోతుంది.

ఈ మొత్తం వ్యవహారం వద్దనుకున్న భాషలూ ఉన్నాయి. రస్ట్ భాష వాళ్ళు మెయిన్‌కి ముందు జీవితం లేదు అన్నదాన్ని ఒక సూత్రంలా చెప్పుకుంటారు. నువ్వు లేనప్పుడు నీ పేరు మీద ఎవరూ ఏమీ చెయ్యకూడదు. వినడానికి రాజ్యాంగంలో రాసుకోదగ్గ మాట. కానీ రస్ట్ ప్రోగ్రాం ఒకటి రాసి, దాని ఔట్‌పుట్‌ని పైప్‌లో పెట్టి మొదటి పది లైన్లు మాత్రం చూడండి. చాలాసార్లు "బ్రోకెన్ పైప్" అని ప్రోగ్రాం గగ్గోలు పెడుతుంది. సీలో రాసింది అయితే చప్పుడు చెయ్యకుండా ఆగిపోయేది. ఎందుకంటే, పైప్ తెగిందని కెర్నల్ పంపే సంకేతాన్ని పట్టించుకోవద్దని రస్ట్ సొంత రన్‌టైం మెయిన్‌కి ముందే ఏర్పాటు చేస్తుంది. జీవితం లేదన్నవాళ్ళు కూడా ఒక్క పని చేసే మెయిన్‌ని పిలిచారు. వాళ్ళని వెక్కిరించడానికి చెప్పడం లేదు ఇది. అంత పట్టుదలగా ప్రయత్నించినవాళ్ళకి కూడా ఖాళీ దొరకలేదని.

గో భాష వాళ్ళ పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. అక్కడ ప్రతి ప్యాకేజీకి ఇనిట్ అనే ఫంక్షన్ ఉండొచ్చు, అది మెయిన్‌కి ముందే నడుస్తుంది, దాన్ని మనం పిలవడానికి వీల్లేదు. అయితే ఒక ప్యాకేజీని దాని ఇనిట్ కోసమే, అంటే ముందస్తు పని కోసమే తెచ్చుకుంటే, పేరు పెట్టే చోట ఒక అండర్‌స్కోర్ గీత గీసి తెచ్చుకోవాలి. డేటాబేస్ డ్రైవర్లని అలాగే తెస్తారు. ఆ గీత ఉన్న లైను చదివినవాడికి తెలిసిపోతుంది: ఇతన్ని పిలిచింది మాట్లాడటానికి కాదు, తెర వెనక ఒక పని కోసం. ఆ ప్యాకేజీ మళ్ళీ ఎవరెవరిని తెచ్చుకుందో ఆ గీత చెప్పదు, నిజమే. కనీసం మొదటి చుట్టరికం కాగితం మీద ఉంటుంది.

ఎక్స్‌జెడ్ గొడవ తర్వాత రెండు మార్పులు జనం దగ్గరికి వచ్చాయి. సిస్టమ్‌డీ వాళ్ళు తమ లైబ్రరీ మొదట్లోనే చుట్టాలందరినీ వెంటబెట్టుకు రాకుండా, కుదింపు అవసరం పడినప్పుడే ఆ లైబ్రరీని తెచ్చుకునేలా మార్చారు. ఆ పని గొడవకి ముందే మొదలైంది, 2024 జూన్‌లో 256వ వెర్షన్‌తో బయటికొచ్చింది. రెండోది ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ వాళ్ళు చేసింది. అసలు వాళ్ళ సర్వర్‌కి సిస్టమ్‌డీ లైబ్రరీ ఎందుకు తగిలించారో తెలుసా? ఒక్క మాట చెప్పడానికి. సర్వర్ లేచాక "నేను సిద్ధం" అని సిస్టమ్‌డీకి కబురు పెట్టాలి, అంతే. ఆ కబురు, ఒక సాకెట్‌లోకి ఒక చిన్న ముక్క పంపడం. దానికోసం ఒక లైబ్రరీ, దాని వెనక ఇంకో లైబ్రరీ, దాని వెనక దొంగ. 2024 జూలై 1న వచ్చిన 9.8 వెర్షన్‌లో ఆ కబురు పంపే కోడ్‌ని వాళ్ళు తమ సర్వర్‌లో తామే రాసుకున్నారు. కొద్ది లైన్లు. ఇప్పుడు అది నడిచేది మెయిన్ మొదలయ్యాకే.